ఏరిన బియ్యం

తలుపు తీసిన పిన్ని చేతిలో గరిటె ఉంది.

"వచ్చావా తల్లీ? ఆ పెట్టెని ముందు నా కళ్ళెదుట నుంచి తీసుకుపో. లేకపోతే రేపు ఆపరేషన్ బల్ల మీద కూడా పక్కలో పెట్టుకుని పడుకుంటారు మీ బాబాయ్," అంది గొంతు తగ్గించి.

పెట్టె అంటే ఆఫీసు లాప్‌టాప్. బాబాయ్ అంటే గుమ్మంలో నిలబడ్డ ఆమెకి చుట్టమేమీ కాదు. మందుల పంపిణీ కంపెనీలో కంప్యూటర్ విభాగం మొత్తానికీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. ఆ విభాగానికి అధికారి మాత్రం ఇప్పుడు వచ్చిన ఈమె. వయసులో అందరికన్నా పెద్దదేం కాదు గాని, ఎవరు చేసిన తప్పయినా పైవాళ్ళ ముందు తన నెత్తినే వేసుకునే అలవాటు వల్ల అందరికీ పెద్దక్క అయి కూర్చుంది.

బాబాయ్‌కి మర్నాడు పొద్దున గుండె ఆపరేషన్. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు. ఒకసారి కొత్త గోదాము తెరుస్తున్నారని, ఇంకోసారి సంవత్సరం లెక్కలు ముగుస్తున్నాయని. మూడోసారి వాయిదా వేస్తే ఇక తన దగ్గరికి రావద్దని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ మాట విన్న రోజు నుంచి పిన్నికి కంటి మీద కునుకు లేదు.

పెద్దక్క చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి, బాబాయ్ భుజాన తువ్వాలు వేసుకుని భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. పక్కన కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"ఏం చేస్తున్నారు బాబాయ్?"

"ఏం లేదమ్మా. రాళ్ళు ఏరుతున్నా. కూర్చో, అయిపోవచ్చింది."

"రాళ్ళేంటి?"

"ఆసుపత్రివాళ్ళు ఒక్కోసారి ఒకే ఆర్డరు రెండుసార్లు పంపుతారు. నొక్కాక తెర మీద తిరుగుతూ ఉంటుంది కదా, ఓపిక లేక మళ్ళీ నొక్కుతారు. ఆ జంటలు అలాగే లోపలికి వెళ్తే మన ప్రోగ్రాం గొంతుకి అడ్డం పడుతుంది. అందుకని మొహం కడుక్కోగానే ఏరేస్తా."

"రోజూనా?"

"రోజూ."

పెద్దక్క కూర్చోబోయి ఆగింది. కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది.

ఊళ్ళో ఆసుపత్రులన్నీ తమకి కావలసిన సెలైన్లు, ఇంజెక్షన్లు, డయాలిసిస్ ద్రావణం ఆర్డర్లు పెడతాయి. పొద్దున్నే ప్రోగ్రాం వాటిని పోగేసి, ఏ లారీలో ఏ సరుకు ఎక్కాలో చీటీలు ముద్రిస్తుంది. చీటీ లేనిదే గోదాము గేటు దాటి లారీ కదలదు. ఆ ప్రోగ్రాం బాబాయ్ జుట్టు నల్లగా ఉన్నప్పుడు రాసింది. దాని ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా ఆయనకే తెలిసేది.

అలా ఉండకూడదని పెద్దక్క రెండేళ్ళు అందరిచేతా తిట్లు తింది. ఏ పనైనా కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలంది. ఒకరి కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టింది. "నా పని నేను చక్కగా చేసుకుంటుంటే నీకు కళ్ళు మండాయా అక్కా?" అని మొహానే అడిగినవాళ్ళున్నారు. అన్నిటికన్నా పెద్ద గొడవ ఖాళీ కుర్చీ రోజు మీద జరిగింది. ఆ రోజు ఒకరు ఇంట్లో ఉండిపోవాలి, ఫోన్ ఎత్తకూడదు. మిగతావాళ్ళే బండి లాగాలి. మొదట్లో నానా రభస అయింది. తర్వాత్తర్వాత అలవాటు పడ్డారు. అందరూ భయపడింది బాబాయ్ కుర్చీ గురించే. చిత్రం, బాబాయ్ లేని రోజుల్లో పని వెన్నలో కత్తిలా సాగిపోయింది. పైవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ ధైర్యంతోనే ఆమె, "ఇక మీరు నిశ్చింతగా ఆపరేషన్ చేయించుకోండి," అని ఆయన్ని ఒప్పించింది.

"ఖాళీ కుర్చీ రోజుల్లో కూడా ఏరారా?" అని అడిగింది.

"ఆఫీసుకి రావద్దన్నావు, రాలేదు. ఫోన్ ఎత్తొద్దన్నావు, ఎత్తలేదు. ఇది కూడా ఒక పనేనా అమ్మాయ్? పళ్ళు తోముకోవడం కూడా నీకు రాసివ్వాలా?"

ఆయన మొహంలో దొంగతనం లేదు. అదే ఆమెని మరీ భయపెట్టింది. దొంగతనంగా చేసిన పనైతే, గట్టిగా అడిగితే బయటపడేది. ఇది పని అని ఆయనకే తెలియదు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఆయన్ని అడిగినా చెప్పలేడు. ఆఫీసులో పిల్లలు ఇన్నాళ్ళూ వండింది ఏరిన బియ్యం. బియ్యంలో రాళ్ళుంటాయన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు.

ఆమె చెయ్యి చాచి లాప్‌టాప్ మూత మూసేసింది.

"అరెరే! ఇంకా మూడో నాలుగో మిగిలాయి!"

"మిగలనివ్వండి."

"పిచ్చా నీకు? ఇంకాసేపట్లో ప్రోగ్రాం నడుపుతారు. ఆగిపోతుంది."

"ఆగనివ్వండి బాబాయ్."

"పోనీ ఆ పిచ్చుకకి ఫోన్ చేసి చెప్తా, ఒక్క ముక్క."

పిచ్చుక అంటే బాబాయ్ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి. మనిషి పిడికెడు, నోరు గంపెడు.

"ఈ రాయి గురించి చెప్తారు, సరే. మీకే తెలియని రాయి రేపు వస్తే? మీరు మత్తులో ఉంటారు. ఎవర్ని అడుగుతారు వాళ్ళు?" అంది పెద్దక్క. "చూడని రాయి పంటికింద పడితే ఏం చేస్తారో నాకు ఇవాళ తెలియాలి. ఇవాళైతే మరీ మునిగిపోతే తియ్యడానికి మీరున్నారు. రేపు లేరు."

బాబాయ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"డయాలిసిస్ ఆసుపత్రి లారీ పన్నెండు లోపు కదలాలి. అక్కడ మనుషులు మంచాల మీద ఉంటారు, సెలైన్ కాదు అది, రేపిద్దాం అనడానికి."

"తెలుసు. పన్నెండు దాకా చూద్దాం. దాటితే మీరే చెయ్యండి, నేను అడ్డుపడను."

"దాటితే ఇంకో మాట కూడా విను. రేపు నేను ఆసుపత్రికి వెళ్ళను. ముందు వాళ్ళకి పని నేర్పి, తర్వాతే కత్తి కింద పడుకుంటా. అప్పుడు నువ్వూ మీ పిన్నీ కలిసి ఏడ్చినా వినను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమంటున్నారు?"

పిన్ని ఇద్దరి మొహాలూ చూసింది. సంగతి సగం విన్నట్టే ఉంది, మిగతా సగం మూసిన మూత చూసి అర్థం చేసుకుంది.

"మూత తెరువు," అంది పెద్దక్కతో.

"పిన్నీ..."

"తెరువు తల్లీ. ఆ మిగిలిన నాలుగూ ఏరేస్తారు, బండ్లు వెళ్ళిపోతాయి, రేపు ఈయన బుద్ధిగా ఆసుపత్రికి వస్తారు. నువ్వు తలుపు తట్టడం ఇంకాస్త ఆలస్యమైతే అదే కదా జరిగేది?"

"జరిగేది. రేపు మాత్రం ఆగిపోయేది."

"ఆగనీ! రేపు మీ లారీలు ఆగితే నాకేంటి, గంగలో కలిస్తే నాకేంటి? రేపు ఈయన గుండె నడవాలి నాకు!" పిన్ని ఒంటికాలి మీద లేచింది. "మీ ఆఫీసు బాగుపడ్డానికి నా మొగుడి ఆపరేషన్ పందెం కాయమని నీకెవరు చెప్పారు?"

పెద్దక్క చెయ్యి మూత మీదే ఉంచింది. పిన్ని చెప్పింది అబద్ధం కాదు. తను చేస్తున్నది బాబాయ్ కోసమా, రెండేళ్ళుగా పైవాళ్ళ ముందు తలెత్తుకుని చెప్పిన గొప్ప కోసమా అని ఆ క్షణాన ఎవరైనా నిలదీస్తే, ఆమె నోరు పెగిలేది కాదు.

"రేపు ఆగితే వాళ్ళు ఫోన్ చేస్తారు పిన్నీ," అంది చివరికి. "బాబాయ్ మత్తు వదిలి కళ్ళు తెరిచాక మొదట అడిగేది ఏంటో మీకు తెలియదా? బండ్లు కదిలాయా అనే. కదల్లేదని తెలిస్తే ఆ మంచం మీద ఉంటారా?"

పిన్ని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. మూడో కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

కాసేపటికి బాబాయ్ ఫోన్ మోగింది.

తెర మీద పిచ్చుక పేరు. ఫోన్ బల్ల మీద గుండ్రంగా తిరుగుతూ ఉప్పు గిన్నెకి తగిలి ఆగింది. బాబాయ్ చెయ్యి దానంతటదే లేచింది. పెద్దక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. చల్లగా ఉంది ఆయన చెయ్యి. మోత ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది.

తర్వాత పెద్దక్క ఫోన్ మోగింది.

ఇది ఇంత కష్టమని ఆమె అనుకోలేదు. ఉద్యోగంలో చేరాక ఆఫీసు పిల్లలు పిలిస్తే పలకని రోజు లేదు. కూతురి స్కూల్ నుంచి పిలిస్తే ఒకవేళ తర్వాత చేస్తాననేదేమో గాని, ఆఫీసు ఫోన్ అయితే సబ్బు చేతులతోనైనా ఎత్తేది. "నీకు ముగ్గురు పిల్లలు కాదు, పదముగ్గురు," అని భర్త దెప్పేవాడు. ఇప్పుడు ఆ ఫోన్ కళ్ళెదుటే మోగుతోంది, ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఎత్తవేం?" అన్నాడు బాబాయ్. "నీకూ మనసొప్పడం లేదుగా."

"ఒప్పడం లేదు."

"మరి?"

"ఒప్పకపోతేనేం."

అప్పుడు పిన్ని ఫోన్ మోగింది.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. వంటింటి గట్టు మీద, తరిగిన కూరల పక్కన మోగుతోంది. పిన్ని లేచి వెళ్ళింది. పిచ్చుక గొంతు స్పీకర్ అక్కర్లేకుండానే ఇల్లంతా వినబడింది.

"పిన్నీ, నేనండీ. బాబాయ్‌కి ఒక్కసారి ఇవ్వరూ! ప్రోగ్రాం మధ్యలో బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు నడిపినా అక్కడికే వచ్చి ఆగుతోంది. డ్రైవర్లు కిటికీ దగ్గరికి వచ్చి అరుస్తున్నారు. మాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఒక్క నిమిషం చాలండీ!"

పిన్ని ఫోన్ పట్టుకుని హాల్లోకి వచ్చింది. బాబాయ్ అప్పటికే లేచి నిలబడ్డాడు, చెయ్యి చాచి. ఇంకో చెయ్యి ఛాతీ మీద ఉంది. అక్కడ ఉందని ఆయనకి తెలియదు.

పెద్దక్క కదల్లేదు. ఇక్కడ ఆమె మాట చెల్లదు. ఫోన్ పిన్నిది, మనిషి పిన్ని మనిషి.

పిన్ని ఆ చాచిన చేతిని చూసింది. ఛాతీ మీద ఉన్న చేతినీ చూసింది.

"ఆయన ఆసుపత్రికి వెళ్ళిపోయారమ్మా," అంది. "చేర్చేసుకున్నారు. ఫోన్లు లోపలికి రానివ్వరట."

"అయ్యో! మరి పెద్దక్క? అక్క కూడా ఎత్తడం లేదు."

"తనూ అక్కడే ఉంది. మీరే ఏదో చూసుకోండి తల్లీ." పిన్ని ఆయన చాచిన చేతి వైపు నుంచి మొహం తిప్పుకుంది. "మీ బాబాయ్ లేరని అనుకోండి."

ఫోన్ పెట్టేశాక తను అన్న మాట తన చెవికే తగిలి, పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏ ఫోనూ మోగలేదు.

మోగినప్పటి కన్నా ఈ నిశ్శబ్దం ఘోరంగా ఉంది. బాబాయ్ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాడు. ఆయాసం వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటే కాలు ఆగలేదు, చెప్పు నేలకేసి కొట్టుకుంటూనే ఉంది. పెద్దక్క మాత్ర అందిస్తే నీళ్ళు లేకుండానే మింగాడు.

"ఆ మౌని గాడు తల వంచుకుని కూర్చుని ఉంటాడు," అన్నాడు. మౌని అంటే పిచ్చుక పక్క కుర్చీ కుర్రాడు. రోజుకొక మాట మాట్లాడితే ఎక్కువ. "ఆ పిల్ల ఏడుస్తూ ఉంటుంది."

"ఉండొచ్చు."

"నీకు జాలి లేదు."

"ఉంది బాబాయ్. అందుకే గోడ గడియారం వైపు చూడటం లేదు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు. తన్నుతున్నారు, తన్నుతున్నారు. ఆ చప్పుడు వింటూ పెద్దక్క ఆసుపత్రి మంచాల గురించి ఆలోచించకుండా ఉండాలని చూసింది. సూదులు గుచ్చించుకుని పడుకున్నవాళ్ళకి ద్రావణం అందకపోతే ఆ పాపం పిచ్చుకది కాదు, బాబాయ్‌దీ కాదు. మూత మూసిన చెయ్యి తనది.

పన్నెండు కొట్టగానే బాబాయ్ ఏమీ అనకుండా లాప్‌టాప్ ముందుకు జరుపుకున్నాడు. పెద్దక్క తనన్న మాట ప్రకారం పక్కకి జరిగింది. తొందరలో పాస్‌వర్డ్ తప్పు పడింది. మళ్ళీ కొట్టాడు. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, రేపటి సంచీలో పెట్టాల్సిన చొక్కాలు చేతిలో పట్టుకుని.

"జంటలు అలాగే ఉన్నాయి," అన్నాడు. "ఒక్కటి కూడా తియ్యలేదు."

పెద్దక్క కళ్ళు మూసుకుంది.

"ఆగాగు. చీటీలు వచ్చేశాయి! ఇదేంటి?" ఆయన తెరకి దగ్గరగా వంగాడు. "జంటలున్న ఆసుపత్రుల్ని మొత్తానికే పక్కకి నెట్టేసి, మిగతావాటికి నడిపించారు. ఓరి వీళ్ళ తెలివి తగలెయ్య! అలా చెయ్యొచ్చని వీళ్ళకి ఎవరు చెప్పారు?" అంతలోనే మొహం నల్లబడింది. "డయాలిసిస్‌ది కూడా పక్కకి పోయింది. దానికి చీటీ లేదు. చూశావా? అసలైనదే ఆగిపోయింది!"

ఆయన వేలు మీట మీదకి వెళ్ళింది.

"గేటు చూడండి బాబాయ్. ముందు గేటు చూడండి."

గేటు దాటిన లారీల వివరం ఇంకో తెర మీద ఉంటుంది. ఆయన విసుగ్గా అది తెరిచాడు. పైనుంచి కిందకి చూశాడు. మళ్ళీ పైనుంచి చూశాడు.

"వెళ్ళిపోయింది," అన్నాడు నీరసంగా. "ఎప్పుడో వెళ్ళిపోయింది. చీటీ లేకుండా ఎవడు వదిలాడు?"

పెద్దక్క ఫోన్‌లో టంగుమని మెసేజ్ వచ్చింది. ఆమె చదివి, ఏం చెయ్యాలో తోచక కాసేపు అలాగే పట్టుకుంది. ఈలోగా బాబాయ్ గొణుగుతున్నాడు.

"ఇది తప్పు పద్ధతి. చేత్తో రాసి పంపితే సాయంత్రం గోదాము లెక్కకీ మన లెక్కకీ పొంతన కుదరదు. నేను కూర్చుని సరిచెయ్యాలి. ఒక వారం... ఒక్క వారం ఆగుదాం."

పిన్ని చేతిలోంచి చొక్కాలు జారి కింద పడ్డాయి. ఆమె వాటిని తీయలేదు.

"పన్నెండు లోపే వెళ్ళింది కదా బాబాయ్. మాటంటే మాటే," అంది పెద్దక్క. ఫోన్ ఆయన చేతికిచ్చింది.

పిచ్చుక రాసింది: 'అక్కా, బండ్లన్నీ ఆలస్యంగా వెళ్ళాయి, కానీ వెళ్ళాయి. కొన్ని ఆర్డర్లు రెండేసి వస్తున్నాయి. ఎందుకో మాకు తెలీదు. డయాలిసిస్ ఆసుపత్రికే ఫోన్ చేసి, ఈ రెండింట్లో మీది ఏదండీ అని అడిగి చేత్తో చీటీ రాశాం. గేటువాడు ఒప్పుకోకపోతే మౌని వెళ్ళి అరిచాడు. అవునక్కా, మౌనే! సాయంత్రం లెక్క కుదరదని తెలుసు, ఇద్దరం కూర్చుని చూస్తాం. ఇదేం బాబాయ్‌కి చెప్పకండి, మంచం దిగి వచ్చేస్తారు.'

బాబాయ్ కళ్ళజోడు లేకుండా చదవబోయి, పెట్టుకుని చదివాడు. చదివాక ఫోన్ తిరిగివ్వలేదు.

"ఆసుపత్రికే ఫోన్ చేసి అడిగారట," అన్నాడు. "ఇన్నేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు. ఏరుకుంటూ కూర్చున్నా."

ఆయన ఆ ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"సాయంత్రం లెక్క కుదరక జుట్టు పీక్కుంటారు చూడు."

"పీక్కుంటారు," అంది పెద్దక్క.

"పీక్కోనీ." ఆయన బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు. కింద పడ్డ చొక్కాల్లో ఒకటి వంగి తీయబోతే పిన్ని గబుక్కున వచ్చి ఆపింది. ఆయన ఆమె వైపు చూడకుండా అడిగాడు. "రేపు ఎన్నింటికి రమ్మన్నారు మనల్ని?"

పిన్ని అప్పటికి పదిసార్లు చెప్పిన సంగతే అది. పదకొండోసారి నెమ్మదిగా చెప్పింది.

లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని పెద్దక్క గుమ్మం దాటుతుంటే పిన్ని వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మెట్ల దగ్గర ఇద్దరే నిలబడ్డారు.

"నీ పిల్లలు గట్టివాళ్ళే," అంది పిన్ని. "వాళ్ళ వల్ల కాకపోయుంటే?"

పెద్దక్క తల దించుకుంది.

"అదే. అప్పుడు నీ మొహం చూసేదాన్ని కాదు. ఇప్పుడు కూడా ఇంకా కోపంగానే ఉంది నాకు. ఇవాళంతా ఉంటుంది." పిన్ని కొంగుతో మెడ తుడుచుకుంది. "రేపు పొద్దున రా. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక బయట బెంచీ మీద నాతో కూర్చోడానికి మనిషి కావాలి."

రేపు మామూలు రోజు కాదు. వారంలో ఎక్కువ సరుకు వెళ్ళేది రేపే. ఈ రెండేళ్ళలో పెద్దక్క ఆ రోజు ఎప్పుడూ సెలవు పెట్టలేదు. అందరి కుర్చీలూ వంతులవారీగా ఖాళీ చేయించింది గాని, తన కుర్చీ వంతు ఎప్పుడూ రాలేదన్న సంగతి ఆ మెట్ల మీద మొదటిసారి తట్టింది.

"వస్తాను పిన్నీ," అంది.

కిందకి దిగి వీధిలో నిలబడి పిచ్చుకకి ఫోన్ చేసింది. మొదటి మోతకే ఎత్తింది.

"అక్కా! బాబాయ్ ఎలా ఉన్నారు? ఏమన్నారు?"

"బాగానే ఉన్నారు. ఇదిగో, రేపు నేను కూడా రావడం లేదు. ఫోన్ కూడా ఉండదు."

అటు వెనక కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరో గట్టిగా ఒక అంకె చదువుతుంటే ఇంకెవరో మళ్ళీ చెప్పడం వినబడ్డాయి.

"రేపా అక్కా? రేపు సరుకు ఎంతో తెలుసుగా మీకు?"

"తెలుసు."

"మీరు లేకపోతే మౌని నన్ను తినేస్తాడు. ఇవాళ నోరొచ్చింది కదా వాడికి." అటు ఎవరికో వస్తున్నానని కేకేసింది. "సరే, నేను పెట్టేస్తున్నానక్కా. గోదామువాళ్ళు లైన్లో ఉన్నారు."

ఆ పిల్లే ముందు పెట్టేసింది. పెద్దక్క ఇంకా ఏదో చెప్పబోతూ తెరిచిన నోరు మూసుకుని, సంచీ భుజం మార్చుకుని నడిచింది.